వరద గీతకు పైన కత్తిరించిన ఫోటో

నేను తీసిన ఫోటోల్లో నలుగురూ మెచ్చుకున్నది ఒకటుంది. హైదరాబాదు పాతబస్తీలోని బాద్‌షాహీ ఆషూర్‌ఖానా, అంటే మొహర్రం సంతాపం జరిపే మందిరం, గోడ మీద ఆవపసుపు, నీలం, ఆకుపచ్చ, తెలుపు రంగుల పెంకు ముక్కలతో కూర్చిన ఒక అలం (పీరు ధ్వజం) ఆకారం అందులో ఫ్రేము నిండా కనిపిస్తుంది. పన్నెండేళ్ల కిందట తీసిన ఆ ఫోటోను మిత్రులు ఇళ్లలో గోడలకు తగిలించుకున్నారు, ఒక పత్రిక పూర్తి పేజీలో వేసుకుంది. కొన్నేళ్లుగా మాత్రం దాన్ని నేను ఎవరికీ చూపించడం లేదు. ఎందుకు చూపించడం లేదో చెప్పాలంటే పాత ఇస్లామీయ కట్టడాల అలంకరణను మనం ఎలా ఫోటో తీస్తున్నామన్న పెద్ద విషయంలోకే వెళ్లాలి.

ఆ ఫోటో కింది అంచు చాలా శుభ్రంగా ఉంటుంది. అలా ఉండడానికి కారణం, అంచుకు కింద ఏముందో చూసి నేను కావాలని అక్కడ కత్తిరించడమే. ఆషూర్‌ఖానాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1594 ప్రాంతంలో, అంటే చార్మినార్ నిలిచిన మూడేళ్లకు, కట్టించాడు. గోడల మీది పెంకు పని 1611 నాటిది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచినప్పుడు నీళ్లు ఈ గోడల దాకా వచ్చాయి, కింది భాగంలోని పెంకులు దెబ్బతిని ఊడిపోయాయి. ఊడిపోయిన మేర ఆ తరవాత అదే నమూనాను రంగులతో చిత్రించారు. అందుకే ఈ రోజు ఆ గోడను జాగ్రత్తగా చూసినవారికి పైన నాలుగు వందల ఏళ్ల నాటి మెరిసే పెంకు, కింద మెరుపు లేని రంగు, రెండూ కలిసే చోట ఒక అతుకు కనిపిస్తాయి. నేను దాన్ని వరద గీత అని పిలుచుకుంటాను. నా ఫోటో సరిగ్గా ఆ గీతకు నాలుగు వేళ్ల పైన ముగుస్తుంది.

నా వాదన ఇది. అలంకారం గోడకు చెందినది. గోడ నుంచి విడదీసి తీసిన ఫోటో ఎంత అందంగా ఉన్నా సగమే చెప్తుంది, చెప్పిన ఆ సగంలోనూ కొంత అబద్ధం కలిసిపోతుంది. ఏ రాయి మీద, ఏ వెలుగులో, ఎంత ఎత్తులో, ఎవరి కోసం, ఎన్ని దెబ్బలు తిని ఆ పువ్వు నిలబడి ఉందో తెలిసేలా తీయడమే దాని అందాన్ని తీయడం. దస్తావేజు కోసం తీసే ఫోటో వేరు, అందం కోసం తీసే ఫోటో వేరు అని చాలామంది అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఇప్పుడు ఆ విభజనను నమ్మలేకపోతున్నాను.

ఆషూర్‌ఖానా గోడనే మరి కాస్త దగ్గరగా చూద్దాం. దూరం నుంచి చూస్తే అది రంగులతో వేసిన బొమ్మలా ఉంటుంది. దగ్గరికి వెళితే ప్రతి రంగూ ఒక విడి ముక్క. ఒక్కో రంగు పెంకును వేరుగా కాల్చి, కావలసిన ఆకారానికి కోసి, ముక్క పక్కన ముక్కను సున్నంలో కూర్చారు. ఇరాన్ దేశపు పనితనం అది. ముక్కకూ ముక్కకూ మధ్య సన్నటి సందు ఉంటుంది, ఒక ముక్క కాస్త లోపలికి కుంగి ఉంటుంది, ఇంకొకటి వెంట్రుకవాసి పైకి లేచి ఉంటుంది. అందుచేత వెలుగు పడినప్పుడు గోడంతా ఒకేలా మెరవదు. నాలుగడుగులు పక్కకు జరిగితే, అప్పటిదాకా మెరిసిన ముక్కలు చల్లబడి, వాటి పక్కవి వెలుగుతాయి. ఆ గోడ ప్రాణం ఈ మెరుపు మారడంలోనే ఉంది. ఎదురుగా ఫ్లాష్ కొడితే మెరుపంతా ఒకచోట తెల్లటి మచ్చగా పేరుకుంటుంది. దానికి భయపడి కొందరు పోలరైజర్ ఫిల్టర్‌ను పూర్తిగా తిప్పి మెరుపును మొత్తం తీసేస్తారు. అప్పుడు రంగు బాగా ముదురుగా వస్తుందన్నది నిజమే కానీ పెంకు పెంకులా ఉండదు, అచ్చు వేసిన కాగితంలా ఉంటుంది. కింద రంగుతో చిత్రించిన భాగానికీ పైన అసలు పెంకుకూ ఉన్న తేడా కూడా ఆ ఫోటోలో మాయమవుతుంది. నేను ఫిల్టర్‌ను సగమే తిప్పుతాను. మబ్బు పట్టిన రోజున అసలు వాడను. ముందు వరుసలో నిజాం అలీఖాన్ కాలంలో వేసిన కొయ్య స్తంభాల మంటపం ఉంది కనుక లోపలికి వెలుగు వడగట్టుకుని వస్తుంది, మబ్బు రోజున అది మరీ నెమ్మదిగా గోడ మీద పరుచుకుంటుంది. ట్యూబులైట్లు వెలుగుతూ ఉంటే మాత్రం పని చెడుతుంది, ఎందుకంటే బయటి వెలుగు ఒక రంగు, ట్యూబులైటు ఇంకో రంగు, పసుపు పెంకు వాటి మధ్య పాకుడు రంగుకు తిరుగుతుంది. అక్కడి పెద్దలను మర్యాదగా అడిగితే పది నిమిషాలు ఆర్పుతారు.

ఇంకొక మాట. ఆ గోడ మీది ఆకారాలను మనం అలంకారం అంటున్నాం కానీ అందులో ముఖ్యమైనవి అలాలే. మొహర్రం నెలలో నిజమైన అలాలను, అంటే కర్బలాలో అమరుడైన ఇమాం హుస్సేన్ జ్ఞాపకంగా నిలిపే లోహపు ధ్వజాలను, ఆ గోడ ముందు నిలబెడతారు. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగ చూసి పెరిగిన వారికి వేరే చెప్పనక్కర లేదు, మా ఊళ్లో పీరును ఎత్తుకున్నవారిలో సగం మంది హిందువులే. కాబట్టి గోడ మీది పెంకు బొమ్మ ఆ గదిలో జరిగే పనికి పెట్టిన పేరు వంటిది. నా ఫోటోలో దాన్ని చూసినవాళ్లు చాలామంది దీపం మంట అనుకున్నారు, కొందరు ఆకు అనుకున్నారు. వాళ్ల తప్పేమీ లేదు. అది ఏ గదిలో ఉందో, దాని ముందు ఏం నిలుస్తుందో తెలిసే ఆధారం ఒక్కటీ నేను ఫోటోలో మిగల్చలేదు.

ఇలా గోడ నుంచి నమూనాను ఊడబెరికే అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించాను. ఇస్లామీయ కళ అనగానే చాలామంది మనసులో ఒకే బొమ్మ ఉంది: నక్షత్రాలు, షడ్భుజాలు, తీగలు, అంతులేకుండా సాగే రాతి వల లాంటి జాలీ. ఏ దేశమైనా, ఏ శతాబ్దమైనా అదే. ఆ బొమ్మకు సరిపోయే ముక్క దొరికే దాకా గోడ మీద వెతికి, దొరికిన ముక్కను కోసి తెచ్చుకుంటాం. దాన్ని ఇరాన్‌లోని ఇస్ఫహాన్ ఫోటోల పక్కనో స్పెయిన్‌లోని గ్రనడా ఫోటోల పక్కనో పెడితే ఎవరూ తేడా పట్టలేరు. అదే గొప్ప అన్నట్టు కూడా మాట్లాడతారు. నాకు అది ఆ కట్టడం కట్టినవాళ్లకు చేసే అన్యాయంగా తోస్తుంది. గోల్కొండలో బాలా హిస్సార్ దర్వాజా పైన గచ్చుతో, అంటే సున్నపు పూతతో, చేసిన నెమళ్లు పురి విప్పి ఉన్నాయి, కింది రాతి మీద గుళ్లలో కనిపించే సింహంలాంటి కల్పిత మృగాలు, యాళులు ఉన్నాయి. కాకతీయుల నేల మీద, ఈ ఊరి పనివాళ్ల చేతుల మీదుగా వచ్చిన రూపాలవి. కుతుబ్‌షాహీ గుమ్మటం ఎక్కడైనా సరే తామర రేకుల మధ్య నుంచి పైకి లేస్తుంది. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్‌షా వంశం కట్టించిన గోడల మీద ఇవి ఉండడంలో వింతేమీ లేదు. షడ్భుజాలకోసమే వెతికే కంటికి నెమలి ఆనదు, ఆనినా ‘ఇది మన ఆల్బంలో ఇమడదు’ అనిపిస్తుంది. నేను ఆ దర్వాజా కింద ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు. నెమలిని మొదటిసారి ఫోటో తీసింది మాత్రం అక్కడికి వెళ్లడం మొదలుపెట్టిన ఏడో ఏటనో ఎనిమిదో ఏటనో.

హైదరాబాదు అలంకరణకు గచ్చు ఎందుకు ముఖ్యమైందో కూడా గోడను చూస్తేనే అర్థమవుతుంది. ఇక్కడ దొరికేది గ్రానైటు. అది గోడకు బలాన్నిస్తుంది కానీ సన్నటి చెక్కడానికి సులువుగా లొంగదు. కాబట్టి మేస్త్రీలు రాతి మీద సున్నం మెత్తి, అది పూర్తిగా ఆరకముందే చిన్న తాపీలతో, కత్తులతో పువ్వులు కోశారు. గానుగలో నూరిన సున్నానికి బెల్లపు నీళ్లు, మారేడు గుజ్జు వంటివి కలిపి బిగువు తెచ్చేవారు. బీదరుకు వెళితే పద్ధతి మారుతుంది. అక్కడి కోటలోని రంగీన్ మహల్‌లో నల్లరాతిని తొలిచి అందులో ముత్యపు చిప్ప ముక్కలు పొదిగారు. నల్లటి లోహం మీద వెండి పొదిగే బిద్రీ పని పుట్టిన ఊళ్లో గోడ కూడా బిద్రీ పాత్రలా ఉండడం నాకు ఎప్పుడూ అబ్బురమే. ఆ ముత్యపు చిప్పను కదలని ఒక్క ఫోటోలో పట్టడం చాలా కష్టం, తల కాస్త వంచితే ఆకుపచ్చగా, మళ్లీ వంచితే గులాబీగా కనిపిస్తుంది. అక్కడ నేను ఒకే చోటును మూడు కోణాల నుంచి తీసి మూడింటినీ పక్కపక్కనే పెడతాను, ఒక్కదాన్ని ఎంచుకోవడం మానేశాను. రాయి మారితే పని మారుతుంది, పని మారితే వెలుగు అవసరం మారుతుంది. నమూనా ఒకటే అని చూసే కంటికి ఇదంతా అందదు.

వెలుగు సంగతి వచ్చింది కనుక దాని మీద కొంచెం ఎక్కువసేపు నిలుస్తాను, ఎందుకంటే గచ్చు పనికి వెలుగే రంగు. తెల్లటి సున్నం మీద తెల్లటి పువ్వు. నీడ పడకపోతే అది లేనట్టే. మన దేశంలో మసీదు కిబ్లా, అంటే నమాజు చేసేటప్పుడు తిరిగే మక్కా దిక్కు, దాదాపు పడమర కనుక మసీదు ముఖం తూర్పుకు ఉంటుంది. చాలామంది ఫోటోగ్రాఫర్లు తెల్లవారుజామున బంగారు వెలుగు కోసం పరుగెత్తుకొస్తారు. ఆ వెలుగు గోడకు సూటిగా తగులుతుంది, రంగు వెచ్చగా వస్తుంది, పువ్వు మాత్రం చదునైపోతుంది. కార్వాన్‌లోని టోలీ మసీదు దగ్గర ఇది నాకు బాగా అనుభవమైంది. అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో, 1671లో మూసాఖాన్ కట్టించిన మసీదు అది. మక్కా మసీదు నిర్మాణానికి ఖర్చయిన ప్రతి రూపాయికీ ఒక దమ్డీ (ఆనాటి చిల్లర నాణెం) చొప్పున తనకు దక్కిన సొమ్ముతో కట్టించాడని జనం చెప్పుకుంటారు, దమ్డీ మసీదు అన్న పేరు అందుకే వచ్చింది. ముందు ఐదు కమానులు, వాటి భుజాల మీద గుండ్రటి తామర పతకాలు. నేను మొదటి రెండేళ్లూ ఆరున్నరకు వెళ్లి, పతకాలన్నీ ఒకలాగే వచ్చాయని నిరుత్సాహపడి తిరిగొచ్చాను. ఒక డిసెంబరులో ఏదో పని పడి పదకొండు గంటలకు వెళ్లవలసి వచ్చింది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు కనుక ఆ వేళకు వెలుగు గోడ ముఖానికి పక్క నుంచి, ఎదురుగా నిలబడిన నాకు ఎడమ చేతి వైపు నుంచి, గోడను రాసుకుంటూ వస్తోంది. ప్రతి రేకు కిందా ఒక నీడ. తాపీ ఎక్కడ లోతుగా దిగిందో, ఎక్కడ చెయ్యి తేలిపోయిందో తెలుస్తోంది. రెండు పతకాలు ఒకే నమూనా అనుకున్నవాడిని, రెంటినీ వేరు వేరు చేతులు కోశాయని అప్పుడు చూశాను. పన్నెండుంబావు దాటాక గోడ మొత్తం నీడలోకి వెళ్లిపోయింది. ఆ గంటా గంటన్నర కోసం ఇప్పుడు నేను సంవత్సరమంతా ఎదురుచూస్తాను.

గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధులకు ఈ లెక్క వేరు. సమాధికి నాలుగు ముఖాలూ అలంకరించినవే. ఉత్తరపు గోడకు సంవత్సరంలో ఎక్కువ భాగం నడిమధ్యాహ్నపు ఎండ తగలదు. కానీ హైదరాబాదు కర్కట రేఖకు దక్షిణాన ఉంది కనుక మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. అప్పుడు ఎండ ఉత్తరపు గోడ మీదుగా పైనుంచి కిందికి నిలువునా జారుతుంది. పిట్టగోడ మీది సన్నటి గచ్చు కోత, కమానుల అంచులు ఆ కొద్దిసేపు ఉలితో కొత్తగా గీసినట్టు లేచి నిలుస్తాయి. మే నెల మిట్టమధ్యాహ్నం అక్కడ నిలబడడం సుఖమైన పని కాదు. ‘ఎండ నడినెత్తిన ఉంటే ఫోటో తీయకూడదు’ అని నేర్పిన మొదటి పాఠం ఆ గోడ ముందు తప్పని తేలింది.

ఈ పరిశీలనలన్నీ చెప్పడంలో నా ఉద్దేశం ఒకటే. అలంకారం ఎప్పుడు ఎలా కనిపిస్తుందో కట్టినవాడికి తెలుసు. ఎంత ఎత్తున ఉన్న పువ్వును ఎంత లోతుగా కోయాలో, ఏ దిక్కున ఏ నీడ పడుతుందో చూసుకునే కోశాడు. మనం వచ్చి కంప్యూటరులో నీడలన్నీ లేపి, మూలమూలనా వెలుగు నింపి, రంగును రెండింతలు చేస్తే అతని లెక్కను చెరిపేసినట్టవుతుంది. బీదరు పక్కన అష్టూరులో 1436లో మరణించిన అహ్మద్‌షా వలీ సమాధి లోపల ఎరుపు మీద బంగారు రంగుతో చిత్రించిన అక్షరాలు, తీగలు ఉన్నాయి. ఆ గది చీకటిది. లోపలికి వెళ్లి కళ్లు చీకటికి అలవాటు పడే దాకా రెండు మూడు నిమిషాలు ఆగాలి, అప్పుడు బంగారం ఒక్కో గీతగా పైకి వస్తుంది. దాన్ని పట్టపగలులా చూపించే ఫోటోలు నేను చూశాను, ఒకప్పుడు తీశాను కూడా. ఇప్పుడు స్టాండు మీద కెమెరా నిలపడానికి అనుమతి దొరికిన రోజున ఎక్కువసేపు ఎక్స్‌పోజర్ ఇచ్చి, చివరికి ఫోటోను గది ఎంత చీకటిగా ఉందో అంత చీకటిగానే ఉంచుతున్నాను. మూలలు కనబడవు. అక్కడ నిలబడ్డవారికీ కనబడవు.

దీనికి ఎదురుగా బలమైన వాదన ఒకటుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. దగ్గరగా తీసిన ఫోటో లేకపోతే చార్మినార్ మీనారు పై అంతస్తులోని గచ్చు పనిని కింద నిలబడి ఎవరూ చూడలేరు. పొడవాటి లెన్సు ఆ పువ్వును మన కంటి ముందుకు తెస్తుంది, ఎంచి చూపించడమే కళ, ప్రతి ఫోటోలోనూ ఊరంతా ఉండాలంటే అది సర్వే పటం అవుతుంది. ఈ మాట నిజం. నేను దగ్గరి ఫోటోలు మానలేదు, మానను. నేను అడిగేది దగ్గరి ఫోటో ఒంటరిగా మిగలకూడదనే. పువ్వును తీసిన చోటనే నిలబడి, లెన్సు మార్చి, ఆ పువ్వు ఉన్న కమానును, కమాను ఉన్న గోడను నేల దాకా తీయడానికి ఐదు నిమిషాలు పడుతుంది. చూపించేటప్పుడు రెండింటినీ కలిపి చూపిస్తే పువ్వు చిన్నదైపోదు. పైగా అంత ఎత్తున, కింద ఉన్నవాడికి సరిగా కనిపించని చోట కూడా మేస్త్రీ రేకు చివరను సన్నగా తీర్చాడన్న సంగతి అప్పుడే తెలుస్తుంది.

పాత ఫోటోగ్రాఫర్ల గాజు పలకలు చూసినప్పుడు ఈ విషయం మరీ స్పష్టంగా తోస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరు, ముసవ్విర్ జంగ్ బిరుదు పొందిన లాలా దీన్‌దయాళ్ కాలంలో కెమెరా ఒక పెట్టె, ఫిల్ము ఒక గాజు పలక. దాన్ని ఎక్కడ నిలపాలో ముందే తేల్చుకుని, కట్టడాన్ని నేల నుంచి కలశం దాకా నిటారుగా పట్టేవారు. పెద్ద పలక కావడంతో అందులో గోడ మీది కోత కూడా చదవగలిగేటంత వివరంగా నిలిచేది. మనకు ఇప్పుడు జేబులో వేల ఫోటోలు పట్టే పరికరం ఉంది, అయినా గోడ మొత్తాన్ని నిదానంగా ఒకసారి తీసే ఓపిక తగ్గింది. మీనార్లు వెనక్కి వాలినట్టు వచ్చిన ఫోటోను కంప్యూటరులో సాగదీసి నిలబెడతాం. అలా సాగదీసినప్పుడు గుమ్మటం కొలత మారిపోతుంది. కుతుబ్‌షాహీ గుమ్మటానికి ఉన్న నిండుతనమంతా దాని కొలతలోనే ఉంది, కాస్త పొడవు పెరిగినా అది వేరే ఊరి గుమ్మటం అవుతుంది. వెనక్కి వెళ్లి, చోటు దొరికినంత దూరం నుంచి తీయడమే మంచి మందు.

అక్షరాల విషయంలో చేసే తప్పు నాకు అన్నిటికంటే బాధ కలిగిస్తుంది. ఈ కట్టడాల మీది రాతను చాలామంది తీగల్లో ఒక రకంగానే చూస్తారు. బీదరులో మహమూద్ గవాన్ మదరసా 1472లో పూర్తయింది. 1695 ప్రాంతంలో పేలుడుకు ముఖభాగం కొంత కూలినా, మిగిలిన గోడ మీద పెంకుతో రాసిన ఖురాను వాక్యం ఇప్పటికీ ఉంది. కుతుబ్‌షాహీ సమాధుల్లోని నల్లరాతి పలకల మీద వరుసలు వరుసలుగా రాత ఉంది. అవి చదవడానికి రాసినవి. ఒక వాక్యాన్ని మాట మధ్యలో నరికి, వంపు బాగుందని ఫ్రేములో పెడితే చదవగలిగినవారికి అది ఎలా ఉంటుందో ఊహించండి. మన గుడి గోడ మీది తెలుగు శాసనంలో ‘శ్రీ’ వదిలేసి వట్టి ‘స్వస్తి’లో సగం కోసినట్టు ఉంటుంది. ఒకసారి నేను ఇచ్చిన ఫోటోను ఒక క్యాలెండరు వాళ్లు పేజీలో కుడి ఎడమలు సరిపోలేదని అద్దంలో తిప్పినట్టు తిప్పి అచ్చేశారు. రాతంతా తలకిందులైన దారిలో నడిచింది. చూపించినప్పుడు ‘ఎవరు చదువుతారండీ’ అన్నారు. ఆ ఊళ్లో లక్షల మంది చదువుతారు. ఆనాటి నుంచి ఫోటోతో పాటు రాత ఎటు నుంచి ఎటు నడుస్తుందో కాగితం మీద రాసి ఇస్తున్నాను. నల్లరాతి రాత స్పష్టంగా రావాలని సుద్ద పూసేవాళ్లనూ, నీళ్లు చల్లేవాళ్లనూ చూశాను. దయచేసి ఆ పని చేయకండి. పక్క నుంచి ఒక చిన్న దీపం వెలుగు, కాస్త ఓపిక చాలు.

మొహర్రం రోజుల్లో ఆషూర్‌ఖానాకు కెమెరా తీసుకెళ్లను. ఫోటో తీయకూడదని అక్కడెవరూ అనలేదు. దుఃఖంలో ఉన్నవారి భుజాల మీదుగా పెంకు రంగును వెతకడం నాకు తగదనిపించింది.

గోడను తీయకపోవడం ఎంత నష్టమో నాకు పూర్తిగా తెలియజేసింది పాలమూరు నుంచి వచ్చిన ఒక మేస్త్రీ. నాలుగేళ్ల కిందట పాతబస్తీ సందుల్లో ఒక చిన్న పాత మసీదుకు మరమ్మతు జరుగుతోంది. ఏటా రంజానుకు ముందు వేసిన వెల్ల పొరలు పేరుకుని, గచ్చు పువ్వులు మైనపు ముద్దల్లా గుండ్రమైపోయి ఉన్న మసీదు అది. ఆ పొరలను ఒక్కొక్కటిగా గీకి, అడుగున ఉన్న కోతను బయటికి తీస్తున్నారు. 2019 మే నెలలో చార్మినార్ మీనారు నుంచి గచ్చు పెచ్చు ఊడిపడ్డ తరవాత ఇలాంటి చిన్న కట్టడాల మీద కూడా కొందరికి శ్రద్ధ కలిగింది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలై పదేళ్లకు పైగా సాగిన పునరుద్ధరణలో సిమెంటు పొరలు తీసి మళ్లీ సున్నానికి వెళ్లడం చూసి, ఈ మసీదు పెద్దలు కూడా సిమెంటు వద్దని గట్టిగా పట్టుబట్టారు. నేను అంతకు ముందు ఆ మసీదులో చాలాసార్లు ఫోటోలు తీశానని ఎవరో చెప్పారట, మేస్త్రీ నన్ను పిలిపించాడు.

“సార్, మీరు ఇంతకుముందు ఇక్కడ ఫోటోలు తీసిన్రంట గదా. ఈ మూలకు ఏముండెనో జర చూపిస్తరా?” అని అడిగాడు. ఎడమ చివరి కమాను పైన, పతకానికీ పిట్టగోడకూ మధ్య మూల అది. అక్కడి గచ్చు రెండేళ్ల కిందటి వానల్లో పూర్తిగా రాలిపోయి రాయి బయటపడింది. కుడి వైపు మూల చూసి ఇటు కూడా అదే చేయవచ్చు కదా అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. ఐదు కమానుల్లో ఏ రెండు మూలలూ ఒకటి కావని, ఒకచోట మొగ్గ ఉంటే ఇంకోచోట ఆకు ఉందని, ఆ పాత మేస్త్రీ ఇక్కడ ఏం పెట్టాడో చూడకుండా తాను పెట్టలేనని చెప్పాడు. నేను ఇంటికి వెళ్లి ఆ మసీదులో తీసినవన్నీ వెతికాను. నూటికి పైగా ఫోటోలు. పతకం ఉంది, పొద్దున, మధ్యాహ్నం, వాన తరవాత, ఎన్ని రకాలుగా కావాలంటే అన్ని రకాలుగా ఉంది. ఆ మూల మాత్రం ప్రతి ఫోటోలోనూ తెగిపోయి ఉంది, లేదా పువ్వు ఒక్కటే తేటగా రావాలని నేను మసకబారనిచ్చిన భాగంలో కరిగిపోయి ఉంది. మర్నాడు ల్యాప్‌టాప్‌లో అన్నీ చూపించాను. అతను సున్నపు చేతులను తుండుగుడ్డకు తుడుచుకుని, ఒక్కొక్కటే చాలాసేపు చూశాడు.

“పువ్వయితే మంచిగున్నది సార్,” అన్నాడు. “గోడనే వస్తలేదు.”

తెలియనిదాన్ని అతను ఊహించి పెట్టలేదు. మిగిలిన మూలలన్నీ పాత కోతతో బయటికి వచ్చాక, ఆ ఒక్క మూలను సున్నంతో చదునుగా మెత్తి, నున్నగా తోమి వదిలేశాడు. పని అయిపోయిన డిసెంబరులో పదకొండు గంటలకు వెళ్లాను. ఎండ ఎడమ నుంచి గోడను రాసుకుంటూ వస్తోంది, పతకాలన్నీ లేచి ఉన్నాయి, ఆ మూల మీద మాత్రం నీడ లేదు. సందు చివరి ఇంటి అరుగు దాకా వెనక్కి నడిచి, నేల నుంచి మీనారు దాకా ఐదు కమానులూ, చదును చేసిన ఆ మూలా, కరెంటు తీగలూ, ఎండకు ఆరేసిన చాపలూ అన్నీ పడేటట్టు తీశాను.